కొత్త బ్యాటరీని ల్యాప్‌టాప్ గుర్తుపట్టడం లేదా? ముందు పాతది మళ్ళీ పెట్టి చూడండి

మీరు రాసింది నాకు అర్థమైనంతలో ఇదీ: డెల్ ఇన్‌స్పిరాన్ 15 5570. పాత బ్యాటరీ ఇరవై నిమిషాలు కూడా రావడం లేదని ఆన్‌లైన్‌లో కొత్తది తెప్పించి, వీడియో చూసి మీరే మార్చుకున్నారు. ఛార్జర్ ఉంటే ల్యాప్‌టాప్ నడుస్తోంది, తీసిన మరుక్షణం ఆరిపోతోంది. స్క్రీన్ మూలన బ్యాటరీ బొమ్మ మీద ఇంటూ గుర్తు. అమ్మినవాళ్ళని అడిగితే "డ్రైవర్ ప్రాబ్లం సార్, విండోస్ కొత్తగా వేయించండి" అన్నారు. వాపసు పంపడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. విండోస్ వేయించాలా, బ్యాటరీ తిప్పి పంపాలా, లేక బోర్డే పోయిందా అన్నది మీ ప్రశ్న.

విండోస్ జోలికి వెళ్ళకండి. పాత బ్యాటరీ మళ్ళీ పెట్టి, ఆన్ చేసేటప్పుడు ఎఫ్2 నొక్కి, బయోస్‌లో (విండోస్ కంటే ముందే లేచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాం) బ్యాటరీ సమాచారం చూడండి. పాతది అక్కడ కనిపిస్తే మీ బోర్డు నిక్షేపంగా ఉన్నట్టు, తేడా కొత్త బ్యాటరీలో ఉన్నట్టు. పాతది కూడా కనిపించకపోతే విప్పి బిగించేటప్పుడు ఏదో జరిగింది, అప్పుడు మీరు ఇంకో రెండు బ్యాటరీలు కొన్నా ఇదే కథ. పావుగంట పని. నా బల్ల మీదికి "కొత్త బ్యాటరీ తీసుకోవట్లేదు" అని వచ్చే ప్రతి మిషనుకీ నేను చేసే మొదటి పని ఇదే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో పదహారేళ్ళ నుంచి ల్యాప్‌టాప్ రిపేర్లు చేస్తున్నా. తమాషా ఏంటంటే, సగం మంది పాత బ్యాటరీ అప్పటికే పారేసి వస్తారు. మీరింకా పారేయలేదనుకుంటున్నా. ఒక్క షరతు: పాతది ఉబ్బి ఉంటే మాత్రం పెట్టొద్దు. బల్లపరుపుగా ఉండాల్సిన ప్యాక్ దిండులా పొంగి ఉంటే దాన్ని నొక్కకుండా పక్కన పెట్టేయండి, ఈ పరీక్షకి వేరే దారులున్నాయి, కింద చెప్తాను.

డ్రైవర్ మాట ఎందుకు కొట్టిపారేస్తున్నానో చెప్తా. బయోస్ స్క్రీన్ వచ్చేటప్పటికి విండోస్ ఇంకా నిద్ర కూడా లేవదు. హార్డ్ డిస్క్ తీసేసినా బయోస్‌లో బ్యాటరీ పేరు, శాతం కనిపించాలి. అక్కడే లేనిదాన్ని విండోస్ ఎక్కణ్ణుంచి తెచ్చి చూపిస్తుంది? పైగా విండోస్‌లో బ్యాటరీకి ఉండేది మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఒకే ఒక్క ఏసీపీఐ డ్రైవర్, డెల్ అయినా హెచ్‌పీ అయినా అదే. డివైస్ మేనేజర్‌లో దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే సరిపోతుందని అందరూ చెప్పే చిట్కా ఉంది కదా, అది బయోస్‌లో బ్యాటరీ కనిపిస్తూ విండోస్‌లో మాత్రం కనిపించనప్పుడే పనికొస్తుంది. అలాంటి కేసు ఏడాదికి ఒకటో రెండో వస్తాయేమో.

ఇక అసలు విషయం. "గుర్తుపట్టడం లేదు" అని జనం ఒకే మాట అంటారు గానీ, అందులో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. బయోస్‌లో ఏం రాసుందో చూస్తే ఏదో తెలిసిపోతుంది. ఒకటి, బ్యాటరీ అసలు లేదు అంటుంది. రెండు, ఏదో బ్యాటరీ ఉంది గానీ అదేంటో తెలీదు, లేదా ఇది నాకు పనికిరాదు అంటుంది. మూడు, పేరు, శాతం అన్నీ కరెక్టుగా చూపిస్తూ ఛార్జ్ మాత్రం ఎక్కించదు. మూడోది నిజానికి గుర్తుపట్టకపోవడం కానే కాదు, కానీ నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందిది అదే. మీరు చెప్పినదాన్ని బట్టి మీది మొదటిది. అయినా మూడూ రాస్తున్నా, ఎందుకంటే పాత బ్యాటరీ పెట్టాక మీ జబ్బు మారిపోవచ్చు.

ల్యాప్‌టాప్ బ్యాటరీని టార్చ్‌లైట్ సెల్ అనుకోకండి. లోపల సెల్స్‌తో పాటు చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద లెక్కలు రాసుకునే ఒక చిప్ ఉంటాయి. గేజ్ చిప్ అంటాం, ఎక్కువగా టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళ బీక్యూ సిరీస్ కనిపిస్తుంది. ల్యాప్‌టాప్ బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అని ఇంకో చిప్ ఉంటుంది, మేం ఈసీ అంటాం. ఈ రెండూ రెండు సన్నని తీగల మీద మాట్లాడుకుంటాయి, ఒకటి క్లాక్, ఒకటి డేటా. ఆ పద్ధతి పేరు ఎస్‌ఎంబస్, ఇంటెల్ వాళ్ళు 1995లో తెచ్చింది. "నీ పేరేంటి, నీ వోల్టేజ్ ఎంత, నీకు ఎంత కరెంటు ఇమ్మంటావ్" అని ఈసీ అడుగుతుంది, గేజ్ చిప్ జవాబు చెప్తుంది. జవాబు రాకపోతే ప్యాక్‌లో సెల్స్ నిండుగా ఉన్నా సరే, ఈసీ లెక్కలో అక్కడ బ్యాటరీ లేదు. లావు తీగల్లో కరెంటు ఉండటం ఒక్కటే చాలదు, ఈ సన్న తీగల్లో మాట కూడా నడవాలి.

అందుకే మల్టీమీటర్‌తో మోసపోకండి. కొత్త ప్యాక్ ప్లస్ మైనస్ పిన్నుల మీద మీటర్ పెడితే సున్నా చూపిస్తుంది, అది చూసి "చచ్చిన బ్యాటరీ అంటగట్టారు" అని గొడవ పడేవాళ్ళున్నారు. చాలా ప్యాకులు ల్యాప్‌టాప్‌లో కూర్చున్నామని తెలిసేదాకా బయటికి కరెంటు వదలవు. దానికో పిన్ను వేరే ఉంటుంది, అది బోర్డులో గ్రౌండ్‌కి, అంటే మైనస్‌కి, తగిలాకే లోపలి స్విచ్ తెరుచుకుంటుంది. సున్నా చూపించిన ప్యాక్ బోర్డులో పెట్టగానే లేచి కూర్చోవడం నేను వందసార్లు చూశా. సూదితో ఆ పిన్ను గ్రౌండ్‌కి షార్ట్ చేసి లేపమని వీడియోల్లో చూపిస్తారు. ఇంట్లో ఆ పని చేయొద్దు. పక్క పిన్నుకి తగిలితే పోయేది సూది కాదు.

సరే, మీ మిషను దగ్గరికి వద్దాం. పాత బ్యాటరీ కూడా కనిపించకపోతే మొదట అనుమానించాల్సింది కనెక్టర్‌ని. ఛార్జర్ తీసేయండి, అడుగు మూత విప్పండి, బ్యాటరీ ప్లగ్ ఊడదీయండి. ఊడదీసేటప్పుడు తీగలు పట్టుకుని లాగొద్దు, ప్లగ్‌కి రెండు పక్కలా గోరు ఆనించి కొంచెం కొంచెంగా జరపండి. తర్వాత పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకోండి, బోర్డులో మిగిలిన కరెంటు పోతుంది, ఈసీ తన పాత జ్ఞాపకం వదిలేసి మొదట్నుంచి మొదలవుతుంది. అప్పుడు వెలుతురులో ఆ ప్లగ్‌ని దగ్గరగా చూడండి. ఫోన్ కెమెరాలో జూమ్ చేస్తే చాలు.

ఏం చూడాలో చెప్తా. పోయిన నెల ఒకాయన ఇలాగే సొంతంగా మార్చుకున్న మిషను తెచ్చారు. రెండు బ్యాటరీలు కొన్నారు, రెండూ తీసుకోలేదు. ప్లగ్ పైనుంచి చూస్తే చక్కగా కూర్చుంది. బయటికి తీసి భూతద్దం కింద పెడితే, వరసలో ఉన్న రాగి నాలుకల్లో మధ్యది ఒకటి మిగతావాటి కంటే వెంట్రుక మందం లోపలికి ఉంది. బోర్డు వైపు సాకెట్‌లో దానికి ఎదురుగా ఉన్న పిన్ను పక్కకి వంగింది. ప్లగ్ కొంచెం ఏటవాలుగా పెట్టి నొక్కారన్నమాట. పోయింది డేటా పిన్ను. లావు పిన్నులు తగులుతున్నాయి, మాట మాత్రం నడవట్లేదు. సన్న పట్టకారుతో ఆ పిన్ను నిలబెట్టి, ప్లగ్‌లోని నాలుకని కాస్త ముందుకి తీసి పెడితే రెండు బ్యాటరీలూ పనిచేశాయి. ఆయన ముఖం చూడాలి. మూడు వేలు పెట్టి రెండోది కొన్నారు పాపం.

కొన్ని మోడళ్ళలో ఈ వైరు బ్యాటరీకి అతుక్కుని రాదు, రెండు చివర్లా ప్లగ్‌లున్న విడి ముక్క. పాత బ్యాటరీ నుంచి తీసి కొత్తదానికి తగిలించుకోవాలి. బోర్డు వైపు బాగానే కూర్చోబెట్టి, బ్యాటరీ వైపు సగం వదిలేస్తారు జనం. రెండో చివర కూడా చూసుకోండి.

కనెక్టర్ బాగున్నా రెండు బ్యాటరీలూ కనిపించకపోతే బోర్డు మీద పని. ఛార్జర్ ఉంచే బ్యాటరీ పీకడం, ఇనప పట్టకారుతో ప్లగ్ కెలకడం, స్క్రూ ఒకటి లోపల జారి సాకెట్ కాళ్ళ మీద పడటం, వీటివల్ల బ్యాటరీ దారిలో ఉన్న చిన్న ఫ్యూజో, ఆ డేటా క్లాక్ లైన్ల మీద రక్షణ కోసం పెట్టిన బుల్లి డయోడో పోతుంది. మేం చేసే పరీక్ష సులువు: బ్యాటరీ లేకుండా ఛార్జర్ మాత్రం పెట్టి, సాకెట్‌లో ఆ రెండు సన్న లైన్ల మీద వోల్టేజ్ చూస్తాం. మామూలుగా రెండిట్లోనూ 3.3 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో సున్నా వచ్చిందంటే దొంగ దొరికినట్టే. ఇది చిప్ లెవెల్ చేసేవాళ్ళకి గంట పని, "బోర్డు మొత్తం మార్చాలి" అని ఎవరైనా అంటే లేచి వచ్చేయండి.

ఇప్పుడు రెండో దారి. పాతది కనిపించింది, కొత్తది కనిపించలేదు, లేదా "అన్‌నోన్" అంటోంది. ఇక్కడ మొదట చూడాల్సింది పార్ట్ నంబరు, మోడల్ పేరు కాదు. ఆన్‌లైన్‌లో "డెల్ ఇన్‌స్పిరాన్ 15 కి సరిపోతుంది" అని రాస్తారు. ఇన్‌స్పిరాన్ 15 అనే పేరు మీద ఎన్ని రకాలున్నాయో లెక్కలేదు. పాత బ్యాటరీ స్టిక్కర్ మీద "టైప్" అని ఐదు అక్షరాల కోడ్ ఉంటుంది, పక్కన వోల్టేజ్, వాట్ అవర్లు ఉంటాయి. ఉదాహరణకి ఇన్‌స్పిరాన్ 5567 తరంలో కనిపించే డబ్ల్యూడీఎక్స్‌0ఆర్ అనేది 11.4 వోల్టులు, 42 వాట్ అవర్లు. 3567 లో వచ్చే ఎం5వై1కే అనేది 14.8 వోల్టులు, 40 వాట్ అవర్లు. రెండూ "ఇన్‌స్పిరాన్ 15" బ్యాటరీలే, ఒకదానికి ఇంకోటి పొరపాటున కూడా పనికిరాదు. మీ పాతదాని మీద ఏం రాసుందో చూసి, కొత్తదాని మీద అదే ఉందో లేదో చూడండి.

వోల్టేజ్ అంకెలు చూసి భయపడేవాళ్ళ కోసం చిన్న లెక్క. లిథియం సెల్ ఒక్కోటి 3.6 నుంచి 3.85 దాకా రాసుకుంటారు. వరసగా మూడు సెల్స్ ఉంటే 10.8, 11.1, 11.4, 11.55 ఇలా వస్తాయి. నాలుగుంటే 14.4, 14.8, 15.2. రెండుంటే 7.4, 7.6. కాబట్టి 10.8 కి బదులు 11.1 వస్తే అది దాదాపు ఒకటే, రాసుకునే పద్ధతిలో తేడా. 11.1 కి 11.4 మాత్రం కొంచెం ఆలోచించాల్సిన సంగతి, ఎందుకంటే 3.7 సెల్ 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది, 3.8 రకం 4.35 దాకా వెళ్తుంది. ఎంతదాకా ఎక్కించాలో ప్యాకే ఈసీకి చెప్తుంది కాబట్టి మంచి ప్యాక్ అయితే ఇబ్బంది రాదు, చవక ప్యాక్ అబద్ధం చెప్తే వస్తుంది. 11 దగ్గరున్నది ఉండాల్సిన చోట 14 దగ్గరిది వచ్చిందంటే మాత్రం, ఆ మోడల్ రెండిటినీ తీసుకుంటుందని కంపెనీ మాన్యువల్‌లో రాసి ఉంటే తప్ప, పెట్టొద్దు. వాట్ అవర్లు ఎక్కువ తక్కువలుంటే ఫరవాలేదు, అది టాంకు సైజు మాత్రమే.

నంబరు కరెక్టే, అయినా ఉలుకూ పలుకూ లేదు అంటే రెండు సంగతులు. మొదటిది మంచి వార్త: నిద్ర. ఫ్యాక్టరీ నుంచి బయటికి పంపేటప్పుడు గేజ్ చిప్‌ని నిద్రపుచ్చి పంపుతారు, నెలల తరబడి అలమారలో ఉన్నా సెల్స్ తాగేయకుండా. షిప్ మోడ్ అంటారు. ఛార్జర్ కరెంటు తగిలితేనే లేస్తుంది. కాబట్టి కొత్తది పెట్టాక ముందు ఛార్జర్ తగిలించండి, ల్యాప్‌టాప్ ఆన్ చేయకుండా ఓ అరగంట వదిలేయండి, తర్వాత బయోస్‌లో చూడండి. పెట్టగానే పవర్ బటన్ నొక్కి "పనిచేయట్లేదు" అనే తొందర అందరికీ ఉంటుంది, నాకూ ఉండేది.

రెండోది చెడ్డ వార్త: గోడౌన్‌లో ఏళ్ళ తరబడి పడి ఉన్న సరుకు. సెల్స్ తమంతట తామే దిగిపోతూ రెండున్నర వోల్టుల కిందికి వచ్చేస్తే మంచి గేజ్ చిప్ ముందు చాలా సన్నటి కరెంటు అడుగుతుంది, జ్వరం తగ్గినవాడికి గంజి పట్టినట్టు. ఒకటి రెండు గంటల్లో కోలుకుంటే సరే. ఇంకా లోతుకి దిగిపోయి ఉంటే చిప్ శాశ్వతంగా తాళం వేసుకుంటుంది, ఇక అది బయటివాళ్ళు లేపేది కాదు. స్టిక్కర్ మీద తయారైన తేదీ చూడండి. రెండేళ్ళు దాటిన "కొత్త" బ్యాటరీ కొత్తది కాదు. రాత్రంతా ఛార్జ్‌లో పెట్టి చూడమని అమ్మినవాళ్ళు చెప్తారు. రాత్రంతా వద్దు, ఎవరూ లేకుండా అసలే వద్దు. మీరు గదిలో ఉండగా రెండు గంటలు చూడండి. వేడెక్కితే, వాసన వస్తే, కాస్త పొంగినట్టు అనిపిస్తే తీసేయండి. రెండు గంటల్లో లేవనిది తిప్పి పంపాల్సిందే.

కొన్ని మిషన్లు మాట అర్థమయ్యాక కూడా ఒప్పుకోవు. దీనికి పేరు మోసినవి థింక్‌ప్యాడ్‌లు. 2012లో వచ్చిన టీ430, ఎక్స్230 ల నుంచి, బయటి కంపెనీ బ్యాటరీ పెడితే స్టార్ట్ అయ్యేటప్పుడే ఈ బ్యాటరీకి ఈ సిస్టమ్‌లో చోటు లేదు, ఛార్జ్ ఎక్కదు, ఎస్కేప్ నొక్కి ముందుకెళ్ళండి అన్న అర్థంలో మెసేజ్ వస్తుంది. ఒక లెక్చరర్‌గారు టీ430 తెచ్చి "అన్నా, ఇది నన్ను ప్రతిరోజూ పొద్దున్నే తిడుతోంది" అన్నారు. ఆయన బ్యాటరీలో కరెంటు ఉంది, దాంతో మిషను నడుస్తుంది కూడా, కానీ ఖాళీ అయ్యాక మళ్ళీ ఎక్కదు. ఈసీ ఫర్మ్‌వేర్ (ఆ చిప్‌లో ఉండే ప్రోగ్రాం) మార్చి ఆ తనిఖీ తీసేసే పద్ధతి ఉత్సాహవంతులు కనిపెట్టారు గానీ, తేడా వస్తే మిషను ఇటుకరాయి అవుతుంది. ఆయనకి నేను కంపెనీ బ్యాటరీయే వేయించా.

ఇలా ఎందుకు చేస్తారంటే కంపెనీలు భద్రత అంటాయి. అది పూర్తిగా అబద్ధం కాదు. 2006లో సోనీ సెల్స్ మంటలంటుకుంటున్నాయని డెల్ ఒక్కటే 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిచింది. కానీ అవి కంపెనీ బ్యాటరీలే కదా అని నేనంటే మా పక్క షాపాయన నవ్వుతాడు. ఆరు వేల బ్యాటరీ అమ్ముకోవడం కూడా ఒక భద్రతే, కంపెనీకి.

ఇంకో మాట, సెల్స్ మార్చే విషయం. "పాత బ్యాటరీయే ఇవ్వండి, లోపల సెల్స్ మార్చి ఇస్తాం, సగం ధరకే" అనేవాళ్ళున్నారు. సెల్స్ ఊడదీసేటప్పుడు గేజ్ చిప్‌కి కరెంటు పోయినా, వరస తప్పి అతికినా అది తాళం వేసుకుంటుంది. తాళం వేసుకోకపోయినా పాత లెక్కలే పట్టుకుని ఉంటుంది, కొత్త సెల్స్ పెట్టినా ఇరవై శాతం దగ్గరే ఆర్పేస్తుంది. దాన్ని తెరవాలంటే ప్రత్యేకమైన ప్రోగ్రామర్, ఆ చిప్ పాస్‌వర్డ్ కావాలి. ఈ పాస్‌వర్డ్ సంగతి ఒకప్పుడు పెద్ద వార్తయింది: 2011లో చార్లీ మిల్లర్ అనే సెక్యూరిటీ పరిశోధకుడు యాపిల్ మ్యాక్‌బుక్ బ్యాటరీల్లో గేజ్ చిప్‌కి చిప్ కంపెనీ ఇచ్చిన డిఫాల్ట్ పాస్‌వర్డే వదిలేశారని బయటపెట్టాడు. తర్వాత అందరూ జాగ్రత్త పడ్డారు, మా పని కష్టమైంది. పలచటి పాలిమర్ ప్యాకులకి నేను సెల్స్ మార్చడం మానేశా. పాత గుండ్రటి సెల్స్ ఉన్నవాటికి కూడా, కొత్తది ఎక్కడా దొరకకపోతేనే.

మూడో జబ్బు: పేరు, శాతం కనిపిస్తాయి, "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్". మీరు డెల్ కాబట్టి ఇది కొంచెం వివరంగా చదవండి. డెల్ ఛార్జర్ పిన్ను లోపలికి చూస్తే మధ్యలో సూదిలాంటిది ఒకటి కనిపిస్తుంది. కరెంటు దాంట్లోంచి రాదు. ఆ సూది మీదుగా ఛార్జర్ "నేను డెల్‌దాన్ని, 65 వాట్లు" అని బోర్డుకి చెప్పుకుంటుంది. ఆ సూది వంగినా, లోపల తీగ తెగినా, నకిలీ ఛార్జర్ అయినా, ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీకి చుక్క కూడా ఎక్కించదు, స్పీడు కూడా తగ్గించుకుంటుంది. ఆన్ చేసేటప్పుడు అడాప్టర్ రకం తెలియడం లేదని మెసేజ్ వస్తుంది, చాలామంది చదవకుండానే ఎంటర్ కొట్టేస్తారు. బయోస్‌లో బ్యాటరీ లైను దగ్గరే అడాప్టర్ ఎన్ని వాట్లో కూడా రాసుంటుంది. మీ ఛార్జర్ మీద ఎన్ని వాట్లు రాసుందో అక్కడా అదే ఉండాలి. అన్‌నోన్ అనో, ఏమీ లేదనో ఉంటే ముందు తెలిసినవాళ్ళ డెల్ ఛార్జర్ తెచ్చి పెట్టి చూడండి. దాంతోనూ అంతే అయితే మిషనులోని ఛార్జింగ్ జాక్. చాలా ఇన్‌స్పిరాన్‌లలో అది బోర్డుకి అతికించి ఉండదు, చిన్న వైరుతో విడి ముక్కగా వస్తుంది, కొన్ని వందల్లో అయిపోతుంది.

నిజం చెప్పాలంటే పాత బ్యాటరీ పోయిందని మార్చేవాళ్ళలో కొంతమందికి అసలు పోయింది బ్యాటరీయే కాదు, ఈ సూది. వరంగల్ నుంచి ఒక అమ్మాయి బీటెక్ ప్రాజెక్టు సమయంలో వచ్చింది. కొత్త బ్యాటరీ 37 శాతం మీద ఆగిపోయిందని, డూప్లికేట్ అంటగట్టారని ఏడుపు ముఖం. ఛార్జర్ పిన్నులో సూది మొత్తం ఒక పక్కకి పడుకుని ఉంది, బ్యాగులో కుక్కి కుక్కి. నా ఛార్జర్ పెట్టగానే 38 అయింది. ఆ అమ్మాయి పాత బ్యాటరీ కూడా పెట్టి చూశాం, అదీ రెండు గంటలు వస్తోంది.

ఇంకో చిల్లర కారణం, సెట్టింగు. లెనోవో వాళ్ళ వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్ ఆన్‌లో ఉంటే చాలా మోడళ్ళు 60 శాతం దగ్గర ఆపేస్తాయి, కొత్తవి 80 దగ్గర. ఆసుస్‌లోనూ ఇలాంటిది ఉంది. డెల్‌లో బయోస్‌లోనే బ్యాటరీ ఛార్జ్ కాన్ఫిగరేషన్ అని ఉంటుంది, అది కస్టమ్‌లో ఉంటే స్టాండర్డ్‌కి మార్చండి. పాత బ్యాటరీ కాలంలో ఎప్పుడో పెట్టి మర్చిపోయి ఉంటారు.

బయోస్ అప్‌డేట్ చేస్తే బాగవుతుందా అని ఎవరో ఒకరు అడుగుతారు కాబట్టి అదీ చెప్తా. అప్పుడప్పుడు బాగవుతుంది, అయితే బ్యాటరీ కనిపించనప్పుడు డెల్ అప్‌డేటర్ ముందుకే వెళ్ళదు, అడాప్టర్‌తో పాటు బ్యాటరీ కూడా ఉండాలంటుంది. బలవంతంగా ముందుకి తోసే దారి ఉంది. మధ్యలో కరెంటు పోతే బోర్డు నా దగ్గరికి వస్తుంది. ఎండాకాలంలో అలాంటివి వరసగా వస్తాయి. తప్పదనుకుంటే యూపీఎస్ మీద పెట్టి చేయండి, అదీ మిగతావన్నీ చూశాకే.

పాత బ్యాటరీ ఉబ్బిందనో, పారేశామనో అన్నవాళ్ళకి: అదే పార్ట్ నంబరు బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్ స్నేహితుల దగ్గర ఉంటే మీ కొత్త బ్యాటరీ దాంట్లో పెట్టి చూడండి, అదీ కాకపోతే దగ్గర్లోని సర్వీస్ షాపుకి తీసుకెళ్ళి ఇంకో బ్యాటరీతో చూపించమనండి. ఐదు నిమిషాల పనికి మర్యాదగల షాపువాడు డబ్బు కూడా అడగడు.

తిప్పి పంపి వేరేది కొనాల్సి వస్తే రెండు చూసుకోండి. మన దేశంలో లిథియం బ్యాటరీలకి బీఐఎస్ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, స్టిక్కర్ మీద ఐఎస్ 16046 అని, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. నంబరు బీఐఎస్ వాళ్ళ యాప్‌లో కొట్టి చూస్తే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. దొంగ స్టిక్కర్ మీద వేరే కంపెనీ పేరు వస్తుంది, లేదా అసలేమీ రాదు. రెండోది, పని చేసిన రోజే విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ బ్యాటరీరిపోర్ట్ అని కొట్టండి. ఒక పేజీ తయారవుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ దగ్గర దగ్గరగా ఉండాలి, సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు పూర్తిగా ఎక్కి దిగిందన్న లెక్క) చూపిస్తే అది సున్నాకో ఒకటికో దగ్గరుండాలి. ఒకసారి ఒక "సరికొత్త" బ్యాటరీలో సైకిల్ కౌంట్ 412 చూశా. ఆ పేజీ దాచుకోండి, వాపసు అడిగేటప్పుడు నోటిమాట కంటే అది పనికొస్తుంది. మొదటిసారి ఎనిమిది గంటలు ఛార్జ్ పెట్టాలన్న మాట మాత్రం వదిలేయండి, అది పాత నికెల్ బ్యాటరీల నాటి అలవాటు.

మీకున్న నాలుగు రోజుల్లో ఈ రోజే చేయాల్సింది: పాతది పెట్టి ఎఫ్2, కొత్తది పెట్టి అరగంట ఛార్జర్ మీద ఉంచి మళ్ళీ ఎఫ్2. రెండుసార్లూ బ్యాటరీ లైను, అడాప్టర్ లైను ఫోటో తీసుకోండి, రెండు బ్యాటరీల స్టిక్కర్లు కూడా. పాతది కనిపించి కొత్తది కనిపించని ఫోటోలు రెండూ పక్కపక్కన పెట్టి అమ్మినవాళ్ళకి పంపితే, మళ్ళీ విండోస్ మాట ఎత్తరు. రెండూ కనిపించకపోతే ఆ కనెక్టర్ ఫోటో నాకు పెట్టండి, ఏ పిన్నో చూసి చెప్తాను.